జాలి లేని వేలు

నేను ఒక క్యారమ్స్ స్ట్రైకర్‌ని. అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి బిళ్లను. ఏ ఊళ్లో పుట్టానో గుర్తు లేదు. నన్ను చెక్కినవాడు అంచు మీద బొటనవేలు తిప్పి చూసి, "బాగానే జారుద్ది" అన్నాడు. నాకు దక్కిన మొదటి దీవెన అదే.

చీరాల్లో టైలరు మస్తాన్‌వలి నన్ను కొని, కొట్టు అరుగు మీదున్న బోర్డు మీదికి చేర్చాడు. పగలంతా మగ్గం దగ్గర మాటలు పడినవాళ్లూ, బ్యాంకులో పదిమందిని మాటలన్నవాళ్లూ సాయంత్రమయ్యేసరికి దాని చుట్టూ చేరేవారు. అక్కడ చిన్నా పెద్దా లేదు, రెడ్డు వేసినవాడే దొర. ఇంట్లోనూ ఆఫీసులోనూ దిగమింగుకున్న కోపమంతా నా మీద తీర్చుకునేవారు. పోనీలే అనుకునేదాన్ని. నన్ను కొడితే ఎవరి ఒళ్లూ వాయదు కదా.

అందరిలోకీ గంగాధరం వేలంటే నాకు ప్రాణం. మగ్గం నేసే చెయ్యి, దెబ్బ తూకం తప్పేది కాదు. అతనికి సమవుజ్జీ కాంపౌండరు యోహాను ఒక్కడే. రెడ్డు వేశాక వెంటనే ఇంకో కాయ వెయ్యాలి, దాన్ని ఫాలో అంటారు. ఒకనాడు ఆ ఫాలో వేసేటప్పుడు గంగాధరం మోచెయ్యి బోర్డుకు ఆనిందని యోహాను, ఆనలేదని గంగాధరం. చినికి చినికి గాలివానైంది. "దొంగాట ఆడేవాడితో నాకేం పని" అని లేచిపోయిన యోహాను మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆనిందో లేదో నేను చూళ్లేదు. అప్పుడు దెబ్బ తిని అవతలి మూలకు పరిగెడుతున్నాను.

కొన్నేళ్లకు గంగాధరానికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మగ్గం మానేశాడు. ఒక సాయంత్రం కర్ర ఊతంతో వచ్చి, ఎడమచేత్తో నన్ను పట్టుకున్నాడు. అలవాటు లేని వేలితో కొట్టాడు. నేను ఎటో పోయాను. అయినా ఆట అతనే గెలిచాడు. మర్నాడూ గెలిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు భుజం తట్టారు.

ఎలా గెలిచాడో నాకు తెలుసు. గుంట అంచున ఉన్న కాయను కొట్టాల్సి వచ్చినప్పుడు ఎదుటివాళ్ల వేళ్లు కావాలనే సడలేవి. వాళ్లది మంచి మనసే. కానీ అతన్ని ఆటలో అరటిపండును చేస్తున్నామని వాళ్లకు తోచలేదు. అతనికి తోచింది.

"వలీ, నేను బతికే ఉన్నానంటావా?" అన్నాడొకనాడు, నన్ను బోర్డు మధ్యలో పెట్టేసి.

"అదేం మాట బాబాయ్."

"మరి నన్నెవరూ ఓడించరేందిరా?"

మర్నాటి నుంచి అతను రావడం మానేశాడు. నాకు దిగులేసింది.

మస్తాన్‌వలి యోహాను ఇంటికి వెళ్లాడు. ఏం చెప్పాడో తెలియదు గానీ, వారం తిరక్కుండా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. యోహాను కుశలం అడగలేదు. పౌడరు చల్లి, "మోచెయ్యి ఆనిస్తే ఒప్పుకోను, ముందే చెప్తున్నా" అన్నాడు.

"ఆనితే గదా" అన్నాడు గంగాధరం.

ఆ పూట యోహాను అతన్ని చిత్తుచిత్తుగా ఓడించాడు. జబ్బుమనిషి మీద ఇంత కసేందని చూసేవాళ్లు నొచ్చుకున్నారు. గంగాధరం మాత్రం కళ్లు తుడుచుకుని నవ్వాడు. "రేపు రా" అన్నాడు.

రోజూ ఓడాడు. రోజూ వచ్చాడు. ఎడమ వేలు నెమ్మదిగా నా మాట వినడం మొదలుపెట్టింది, లేక నేనే దాని మాట విన్నానేమో. వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం, చివరి కాయ దగ్గర యోహాను గురి తప్పింది. గంగాధరం తప్పలేదు.

గెలిచినవాడు ఓడినవాడి మొహంలోకి అనుమానంగా చూశాడు.

"వదిలేశావా?"

"నీకు వదలాల్సిన ఖర్మ నాకేంది?"

అయినా ఆ అనుమానం అతనికి పూర్తిగా పోలేదు.

ఇప్పుడు నా అంచు పెచ్చు లేచింది. మస్తాన్‌వలి పారెయ్యకుండా గుండీల డబ్బాలో వేశాడు. బయట వాళ్లిద్దరూ ఇంకా మోచెయ్యి గురించే తగువులాడుకుంటూ ఉంటారు. వింటూ ఉంటాను. నన్ను కొట్టిన ప్రతి చేతికీ రుణపడ్డాను, అందరికన్నా యోహానుకు. ఆనాడు గురి తప్పిన అతని ఆఖరి దెబ్బ నాకింకా గుర్తే. నాకు నోరుంటే గంగాధరానికి ఒక్క మాట చెప్పేదాన్ని. నాయనా, ఆ వేలు సడల్లేదు. నువ్వు నిజంగానే గెలిచావు.