ఎనిమిదో పని

1. కరణంగారి దగ్గర పొలాల సర్వే నంబర్లు రాయించుకోవాలి.
2. ఇంటిని తాడుతో కొలిచి, మధ్యగోడ ఎక్కడ లేపాలో గుర్తు పెట్టాలి.
3. ఇత్తడి సామాను, నాన్న మంచం, అమ్మ కర్రపెట్టె ఎవరికో తేల్చాలి.
4. రోడ్డు పక్క ఖాళీ జాగాకి హద్దురాళ్లు ఉన్నాయో లేదో చూడాలి.
5. గానుగ, పెనం అమ్మేయాలి. రోలుగుంట ఆసామికి కబురు పంపాలి.
6. స్టాంపు కాగితాలు కొనాలి.
7. సాక్షులు ఇద్దరు.
8. అప్ప చేత, హక్కు వదులుకున్నట్టు వేలిముద్ర వేయించాలి.

నాన్న పోయిన రెండో నెలలో, అనకాపల్లిలో నా అద్దె గదిలో కూర్చుని ఈ జాబితా రాశాను. అక్కడి హైస్కూల్లో నేను సాంఘికశాస్త్రం చెప్పే మేష్టర్ని. మా ఇంట్లో బి.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కనక కాగితాల పనంతా నాకు వదిలేశారు. శ్రద్ధగానే చేశాను. ఏ పని తర్వాత ఏ పనో ఆలోచించి వరస పెట్టాను. ఎనిమిదోది రాసేటప్పుడు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరికొచ్చేసరికి నన్ను మంచివాడని ఎవరూ అనుకోకూడదు.

అమ్మ ఎప్పుడో పోయింది. మేం ముగ్గురం. పెద్దవాడు పెదబాబు, చోడవరంలో సేద్యమంతా అతనిదే. తర్వాత అక్క అచ్చియ్యమ్మ. మావైపు అక్కని అప్ప అంటాం. ఆఖరివాణ్ణి నేను. అప్పకి పద్నాలుగో ఏట కె.కోటపాడులో పెళ్లి చేశారు. బావ కూలిపనికి రంగూన్ ఓడెక్కాడు. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాక నడిచి రాగలిగినవాళ్లు నడిచి వచ్చారు. బావ రాలేదు, కబురూ రాలేదు. ఇరవయ్యేళ్ల వయసులో అప్ప ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి తిరిగొచ్చింది.

వచ్చిన ఏడాదే పెరట్లో నాన్న పక్కన బెల్లం పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ పెరట్లో గానుగ, తాటాకు పాక, పాకలో మనిషి పడుకోగలిగినంత పెనం ఉండేవి. పెరడు దాటితే ఎకరం చెరకు, ఒక బావి. చెరకురసం గంటలకొద్దీ కాగుతుంది గాని కష్టమంతా ఆఖరి నిమిషంలో ఉంటుంది. ఒక్క పొంగు ముందు దించితే బెల్లం కట్టదు, ఒక్క పొంగు తర్వాత దించితే నల్లబడుతుంది. అప్ప కుడిచేత్తో తెడ్డు తిప్పుతూ, ఎడమచేత్తో చిటికెడు పాకం నీళ్లలో ముంచి, బొటనవేలితో నలిపి చూసి "దించండి" అనేది. నాన్నకి చేతులు వణకడం మొదలయ్యాక ఆరేళ్లపాటు ఆ మాట అన్నది అప్పే. అనకాపల్లి బజార్లో మాత్రం ఆ దిమ్మల్ని పైడినాయుడు బెల్లం అనేవారు. అది నాన్న పేరు.

నేను మూడు రోజులు సెలవు పెట్టి చోడవరం వెళ్లాను. ఆదివారం పొద్దున్న అందరం వీధి అరుగు మీద కూర్చున్నాం. పెద్దదిక్కుగా బుచ్చయ్యపేట నుంచి మా మేనత్త దేముడమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. నిప్పు కొస నోట్లో పెట్టి కాల్చే అడ్డచుట్ట తియ్యకుండానే మాట్లాడుతుంది.

వాటాలు ఎవరు వేయాలన్న దగ్గరే పని ఆగిపోయింది.

"నువ్వు సదూకున్నోడివి, నువ్వెయ్యి," అన్నాడు పెదబాబు.

"నువ్వు పెద్దవాడివి. నువ్వే వెయ్యన్నా."

"నానేస్తే మంచిది నువ్వు పట్టుకుపోతావు."

"నేను వేస్తే నువ్వు పట్టుకుపోవా?"

"ఏటిరా ఇది?" అంది అత్త. "కొత్త పెళ్లికూతుళ్లలాగ నువ్వు ముందంటే నువ్వు ముందని సిగ్గుపడతన్నారు!"

మధ్యాహ్నం దాకా అదే తంతు. నేను కాగితం మీద రెండుసార్లు గీతలు గీశాను, రెండుసార్లూ పెదబాబు తల అడ్డంగా ఊపాడు. వదిన నూకరత్నం మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అప్పుడు గడప దగ్గర కూర్చున్న అప్ప అంది: "నానెయ్యనా?"

పెదబాబు నవ్వాడు. "ఏసెయ్యి. నీకు వాటా నేదు గాబట్టి నీకందరూ ఒకటే."

"అయితే పెనం కాడి రూలే. ఒప్పుకుంటారా?"

పెనం దగ్గర రూలు మా ఇద్దరికీ గుర్తే. మా చిన్నతనంలో రోజూ ఆఖరి పెనం దించాక, అడుగున అంటుకున్న బెల్లాన్ని నాన్న గీకి, ముద్ద చేసి, ముగ్గురికీ ముక్కలు చెయ్యమని అప్ప చేతిలో పెట్టేవాడు. ముక్కలు చేసినవాళ్లు ఆఖర్న తీసుకోవాలి. చిన్నవాడు ముందు, పెద్దవాడు తర్వాత. ఎంత దెబ్బలాడుకునే పిల్లలమైనా ఆ బెల్లం దగ్గర మాత్రం ఒక్కనాడూ దెబ్బలాడుకోలేదు.

"ఆ రూలు మీ అయ్య కనిపెట్టింది కాదురా," అంది అత్త. "మా అయ్యది. నానూ మీ అయ్యా అలాగే తిన్నాం. ఒప్పుకోండి."

"ఒప్పుకున్నాం," అన్నాడు పెదబాబు. నేనూ తలూపాను.

అప్ప లోపలికి, పెరట్లోకి, ఆ తర్వాత వీధిలోకి వెళ్లింది. తిరిగొచ్చి అరుగు మీద మూడు వస్తువులు ఎడంఎడంగా పెట్టింది. ఇంటి తాళంచెవి, గుప్పెడంత రాయి, పెనంలో తిప్పే చెక్క తెడ్డు.

"ఇదిగో తాళంచెవి. పెంకుటిల్లు, అరుగు, పశువులసాల, ఎడ్లు, కాలవ కింద ఎకరంన్నర, అందులో ఉన్న అరెకరం సెరుకూ దీనివే. ఈ రాయి రోడ్డు పక్క జాగాలోది. ఆ జాగా, కాలవ కింద మిగతా రెండెకరాలూ దీంతో ఎల్తాయి. ఇది తెడ్డు. గానుగ, పెనం, పాక, పెరడు, ఎనకాల ఎకరం సెరుకు. బావి ఇందులోదే గాని నీళ్లు ముగ్గురివీ."

పెదబాబు ఒక్కొక్క వస్తువునీ చూస్తూ వేళ్లు మడిచాడు. "మూడేటే?"

"మనం ముగ్గురం గదా."

"వాటాదారులం మేం ఇద్దరం!"

"ముక్కలు సేసినోళ్లు ఆఖర్న తియ్యాలని ఇప్పుడే ఒప్పుకున్నారు. రెండే పెడితే మరి నానేటి తియ్యను అన్నా?"

అత్త నవ్విన నవ్వుకి చుట్ట ఊడి ఒళ్లో పడింది. చీర దులుపుకుంటూ, "దొరికిపోయేవురా పెదబాబూ! నోరారా ఒప్పేసుకున్నావు," అంది.

పెదబాబు మొహం ఎర్రబడింది. "కూటికి, గుడ్డకి తక్కువ సేసేనేటే నీకు? నా ఇంట్లో ఉండు, తిను. ఎవడొద్దన్నాడు? వాటా ఏటి మద్దిలో?"

"పదారేళ్లు తిన్నాను. ఊరికే తిన్నానా సెప్పు."

అతను నావైపు తిరిగాడు. "ఒరే సదూకున్నోడా, నువ్వు సెప్పు. ఆడకూతురికి వాటా ఉందేటి?"

నోటుపుస్తకం నా ఒళ్లో తెరిచి ఉంది. ఎనిమిదో పని నాకు కనిపిస్తూనే ఉంది.

"ఉందన్నా," అన్నాను. "రెండేళ్లయింది చట్టం వచ్చి. ఇదంతా నాన్న తన రెక్కల కష్టం మీద సంపాదించినది. కొడుకుకెంతో కూతురికీ అంతే. తొమ్మిదో తరగతికి ఈ పాఠం నేనే చెప్పాను."

అప్ప నెమ్మదిగా నావైపు చూసింది. "ఊళ్లో పిల్లలందరికీ సెప్పేవు. నాకు సెప్పలేదేటిరా తమ్ముడూ?"

జేబులోంచి కలం తీసి ఎనిమిదో పని కొట్టేశాను. తర్వాత గానుగ, పెనం అమ్మే ఐదోదీ కొట్టేశాను.

"నీ బీయే ఇప్పుడు నిద్దర లేచిందేటిరా!" అని అరిచాడు పెదబాబు.

తలుపు పక్కనుంచి నూకరత్నం అందుకుంది. "అరవకయ్యా. ఆవిడ పెనం కాడ కూకోకపోతే ఇంటి మీదకి పెంకులొచ్చీవా? తాటాకే గదా ఉండీది. ఇంకో మాట. నువ్వలా తగువాడతా ఉండు, ఈలోగా ఆ తాళంచెవి మరిది తీసేసుకుంటాడు."

పెదబాబు గభాలున తాళంచెవి వైపు చూశాడు.

"అదీ సంగతి," అంది అత్త. "ఒప్పుకున్నోడివి ఒప్పుకున్నట్టుండు. సిన్నోడా, ముందు నువ్వు తియ్యి."

లేచి ఆ మూడింటి ముందు నిలబడ్డాక గాని అప్ప ఎంత సాహసం చేసిందో నాకు అర్థం కాలేదు. ఆమెకి కావలసింది తెడ్డు. దాన్ని దాచుకోలేదు, అడుక్కోలేదు. అందరి ముందూ అరుగు మీద పెట్టి, మా ఇద్దరి చేతులూ దాటాక మిగిలితేనే తీసుకుంటానంది. మాలో ఎవరు దాని మీద చెయ్యి వేసినా, గానుగ, పెనం కొనుక్కుపోవడానికి రోలుగుంట ఆసామి బండి తోలుకొచ్చేవాడు. అప్ప ఎవరో ఒకరి ఇంట్లో వంటమనిషిగా మిగిలిపోయేది.

తెడ్డు తీసి ఆమె చేతికే ఇచ్చేద్దామని వంగాను. అప్ప కనిపెట్టేసింది.

"నాకివ్వకు తమ్ముడూ," అంది. "ఇచ్చింది వొద్దు. నీకేటి కావాలో అది నువ్వు తీసుకో. నాది నాను తీసుకుంటాను."

నేను రాయి తీసుకున్నాను. దాని మీద నాకు నిజంగానే ఆశ ఉంది. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

"నీకెలా తెలిసిందప్పా?"

"సెలవులకొచ్చినపుడల్లా ఆ జాగాలో అడుగులేసి కొలిసీవోడివి. ఇక్కడ గది, అక్కడ కిటికీ అని ఏలితో గాల్లో గీసుకునీవోడివి. నాకు కళ్లు నేవేటి?"

తర్వాత పెదబాబు లేచాడు. తాళంచెవి వైపు చూశాడు, తెడ్డు వైపు చూశాడు. పౌరుషం వచ్చిన మనిషి. చెయ్యి తెడ్డు మీదకే వెళ్లింది. చెక్కకి జానెడు దూరంలో ఆగింది. అప్ప నేలకేసి చూస్తూ ఎడమచెయ్యి గుప్పిట బిగించింది.

తలుపు పక్కన నూకరత్నం దగ్గింది. ఇంకోసారి, గట్టిగా దగ్గింది.

"ఇల్లు పెద్దోడిది," అన్నాడు పెదబాబు ఎవరివైపూ చూడకుండా. తాళంచెవి తీసుకుని మొలలో దోపుకున్నాడు.

తెడ్డు మిగిలింది. అప్ప దాన్ని రెండు చేతులతో లేపింది. ఆమె కంటే అది నాలుగు వేళ్లు పొడుగు. కొంగుతో కొస దాకా తుడిచి, "ఎల్లుండి పొయ్యి ముట్టిస్తాను," అంది.

మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాం. కాగితంలో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. గుమస్తా అప్ప ఎడమ బొటనవేలికి సిరా పూసి అద్దాడు. నల్లటి మచ్చ పడింది, గీతలు పడలేదు. తుడిచి మళ్లీ అద్దాడు. మూడోసారీ అంతే.

"గీతలేవమ్మా?"

"పాకంలో కరిగిపోయేయి బాబూ. పదారేళ్ల నుంచి ఆ ఏలితోటే సూస్తన్నాను."

గుమస్తా ఏం చేయాలో తెలియక మా వైపు చూశాడు. ఆదివారం నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడని పెదబాబు ముందుకొచ్చి బల్ల మీద చెయ్యి పెట్టాడు.

"రాసుకోండి బాబూ. ఈవిడ అచ్చియ్యమ్మ. మా నాయిన కూతురు, నా సెల్లెలు. చోడవరంలో ఎవుణ్ణడిగినా సెప్తాడు, ఆ ఏలు ఎవరిదో."

సాక్షులు ఇద్దరూ ఆమెని గుర్తుపట్టినట్టు సంతకాలు చేశారు. గీతల్లేని ఆ ముద్రతోనే కాగితం రిజిస్టరయింది.

మంగళవారం తెల్లారేసరికి అప్ప పొయ్యిలో ఎండు చెరకుపిప్పి పేర్చి, అద్దె ఎడ్ల కోసం బయల్దేరుతోంది. పెరటి దారిలో గంటలు వినిపించాయి. పెదబాబు తన ఎడ్లని తోలుకుంటూ వచ్చాడు.

"అలా సూడకు," అన్నాడు. "నా అరెకరం సెరుకు మరి ఎవుడు వండతాడు? గానుగ కట్టు."

"వండితే కూలేటి ఇస్తావన్నా?"

"పెనం అడుగున గీకిన బెల్లం నువ్వే తినీ."

"ముక్కలు సేస్తాను," అంది అప్ప. "రూలు రూలే."

వారం తిరిగేసరికి ఆ బెల్లం బండి అనకాపల్లి బజారుకి వచ్చింది. స్కూల్లో మధ్యాహ్నం గంట కొట్టగానే నేను పరిగెత్తాను. ఎప్పటినుంచో మా సరుకు కొనే షావుకారు దిమ్మ అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని చప్పరించి అన్నాడు: "పైడినాయుడు పోయేడన్నారు. బెల్లం పోలేదే!"

బండి మీదనుంచి అప్ప దిగింది. "ఆయన పోయి మూడో నెల బాబూ. ఈ బెల్లం నాది. ముందర సంవచ్చరాల్దీ నాదే. అచ్చియ్యమ్మ బెల్లం అని రాసుకోండి."

షావుకారు ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు. ఆ ఎడమ బొటనవేలి దగ్గర చూపు ఆగింది. ఇంకేమీ అడక్కుండా పుస్తకం తీసి అలాగే రాశాడు. ఆ సీజను ముగిసేసరికి బజారంతా అదే పేరుతో అడగడం మొదలుపెట్టింది. మా క్లాసులో పిల్లలు కూడా, "మేష్టారూ, అచ్చియ్యమ్మ బెల్లం మీ అక్కగారిదా?" అని అడిగారు. "అవును, మా అప్పదే," అని రెండుసార్లు చెప్పాను. వాళ్లకి ఒకసారి చాలేది.

ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. ఎనిమిదో పని మీద గీత కొట్టింది నా కలమే గాని, కొట్టించింది అప్ప. మీ ఇళ్లలోనూ ఒకనాడు ఎవరో ఒకరు ఇలాంటి జాబితా రాస్తారు. నాలాంటి చదువుకున్నవాళ్లే, పొరపాటు లేకుండా వరస పెట్టి రాస్తారు. ఏదో ఒక అంకె పక్కన అక్క పేరో చెల్లెలి పేరో వస్తుంది. అప్పుడు ఒక్క నిమిషం చెయ్యి ఆపండి. వేలిముద్రలో గీతలు మిగలని మా అప్ప అచ్చియ్యమ్మని తలుచుకోండి.