పద్నాలుగు గుర్తులు

"ఆ కాలరు ఇంకోసారి రుద్దు," అన్నాడు భర్త, తువ్వాలు భుజాన వేసుకుని. ఆమె ఇస్త్రీపెట్టె మళ్లీ ఎత్తింది. "ఆ నివేదిక మీద సంతకం కూడా పెట్టెయ్. నీ సొమ్మేం పోయింది?"

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, పటాలు తయారుచేసేది. విమానానికి బిగించే కొత్త డిజిటల్ కెమెరాను ఎంచింది అతను. దాని ఫోటోల్లోని కొలతలు నేలతో సరిపోతున్నాయో లేదో తేల్చాల్సింది ఆమె. సున్నంతో ఇరవైనాలుగు గుర్తులు వేయించి, ఎండలో ఒక్కోదాని దగ్గర నిలబడి స్థానమూ ఎత్తూ కొలిచింది. పదింటి కొలతలు కంప్యూటరుకిచ్చి ఫోటోలను నేల కొలతలకు సరిపెట్టింది. పద్నాలుగింటిని, ఆ తర్వాత సరిచూడటానికని, కంప్యూటరుకివ్వకుండా దాచింది. దాచినవే సాక్ష్యం. పక్కలకు తేడా బెత్తెడైనా లేదు. ఎత్తులో మాత్రం, ఫోటోల అంచుల్లో, మూరెడు తేలింది. ఆ పటం చూసి కాలువలు తవ్వించే ఇంజనీరుకి మూరెడంటే, నీళ్లు ఊళ్లోకి మళ్లడం.

"ఆ పద్నాలుగూ కంప్యూటరుకి ఇచ్చెయ్. తేడా అదే సర్దుకుంటుంది," అన్నాడు నిన్న భోజనాల దగ్గర.

"ఇక పరీక్ష ఎక్కడుంది?"

"ఇంట్లో కూడా ఆఫీసరమ్మేనా?" అని నవ్వాడు.

అత్తగారు కంచంలోంచి తలెత్తలేదు. "వాడు పైవాళ్లకి మాటిచ్చి ఉంటాడమ్మా. పెళ్లామే కాదందంటే వాడి మొహం ఏం కాను?"

సర్దుకోవడం ఆమెకేం కొత్త కాదు. పిల్లకి జ్వరమొస్తే సెలవు ఆమెది, అత్తగారి మాత్రల వేళలు ఆమెవి, పోయినేడు సదస్సులో అతను చదివిన వ్యాసంలోని ప్రతి అంకె ఆమెదే. చివర అతను "మా ఇంటావిడ సహకారంతో" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. అందుకు తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

స్నానాలగదిలో నీళ్లు పడుతున్నాయి. వంటింట్లోకి వెళ్లింది, ఎందుకు వెళ్లిందో తెలియక తిరిగొచ్చింది. కిటికీ తెరిచింది, మూసింది. కంప్యూటరు ముందు నిలబడే నివేదిక చివర టైపు చేసింది: "ఎత్తులు కొలవడానికి ఈ కెమెరా ఇప్పుడున్న స్థితిలో పనికిరాదు." సంతకం పెట్టి ఇంజనీరుకీ, పై అధికారికీ పంపింది.

అతను బయటికొచ్చాడు. "సంతకం అయిందా?"

"అయింది. పంపేశాను కూడా."

"ఇంతోటిదానికి ఎంత రాద్ధాంతం చేశావు!"

"పద్నాలుగూ విడిగానే ఉంచాను."

గుండీ మీద అతని చెయ్యి ఆగింది. "తేడా... ఎంతని రాశావు?"

పరీక్ష మొదలైన మూడు వారాల్లో అతను ఆ మాట అడగడం అదే మొదటిసారి.