కాంపౌండరు కొన్న మట్టి

రాజారత్నంతో వాదించి గెలిచినవాడు చిత్తూరులో లేడు. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసినన్నాళ్లూ రోగులకు సీసాలో మందు పోసి, దానితోపాటు నాలుగు చీవాట్లు కూడా పెట్టి పంపించిన మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయినా గిరింపేటలో ఆయన ఇంటికి ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చేవారంటే అది భార్య ఆనందమ్మ పుణ్యం. ఆవిడ పోయాక ఆ తలుపు తట్టవలసిన పని ఎవరికీ కనిపించలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయాక, దారిలో ఎదురైనవాళ్లు కూడా దణ్ణం పెట్టేసి ఆయన నోరు తెరిచేలోగా దాటిపోయేవారు. జనాన్ని అని లాభం లేదు, నోరు మంచిదైతే ఊరు మంచిది.

అవి యుద్ధం రోజులు. సంతలో కూరగాయలు మండిపోతున్నాయి. ఆనందమ్మ ఉన్నప్పుడు పక్కింటి శకుంతలమ్మ తన పెరటి తోటకూర కొంగులో వేసుకొని తెచ్చి ఇచ్చేది. ఇప్పుడూ అడిగితే ఇస్తుంది. ఆ అడగడమే రాజారత్నానికి చేతకాదు. ఖాళీ జాగాల్లో కూరగాయలు వేసుకోమని సర్కారు దండోరా వేయించినప్పుడు, ఒకరి గడప తొక్కే అవసరం లేకుండా తన ఆకుకూర తానే పండించుకోవాలని ఆయన తీర్మానించుకున్నాడు.

పెరడంతా బండ. గునపం వేస్తే నిప్పురవ్వలు రావలసిందే తప్ప పిడికెడు మన్ను రాదు. అందుకని బండ మీదే మోకాలెత్తున రాళ్లు పేర్చి మడులు కట్టాడు. వాటిని నింపడానికి బండి తోలే బడే సాహెబ్ దగ్గర చెరువు మట్టి కొన్నాడు. విత్తనాలు చల్లాడు, పూటపూటా నీళ్లు పోశాడు. మట్టి మీద తెల్లగా పొర కట్టింది. మొలిచిన నాలుగు మొలకలూ పసుపు తిరిగి చచ్చాయి.

నిజం చెప్పాలంటే ఆయనకు కోపం రాలేదు, ప్రాణం లేచివచ్చింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్లయింది. చొక్కా తొడుక్కొని బండ్లు నిలిపే చోటికి పోయి, నలుగురిలో బడే సాహెబ్‌ను నిలబెట్టి కడిగేశాడు. అన్నాళ్లలో ఒక మనిషితో అంతసేపు మాట్లాడడం అదే మొదలు.

మర్నాడు బడే సాహెబ్ వచ్చాడు. సన్నగా, తెల్లని గడ్డంతో, రాజారత్నం ఈడు మనిషే. మడిలో మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకొని, పక్కకు ఊసేశాడు.

“చౌడే అయ్యా. సబ్బు మాదిరి జారతా ఉండాది. చెరువులో నీళ్లు చేరినాయి. నడిమికి బండి పోక, చాకిరేవు గట్టున తవ్వినాను. తప్పు నాదే. ఇదంతా ఎత్తేసి మంచి మట్టి పోస్తాను.”

తిట్టడానికి రాజారత్నం దాచుకున్న మాటలకు పని లేకపోయింది. అయినా ఊరుకోలేక, “పార తీసుకొచ్చినావా, అదీ నేనే ఇయ్యాల్నా?” అన్నాడు.

ఆ పని ఒక్కరోజుతో తేలలేదు. బడే సాహెబ్ వచ్చినప్పుడల్లా రాజారత్నం పక్కనే నిలబడి వంకలు పెట్టేవాడు. పార పట్టడం రాదన్నాడు, ఎరువు పచ్చిగా ఉందన్నాడు, ఎద్దుకు తిండి పెట్టడం లేదన్నాడు. ఆ ముసలాయన అన్నిటికీ “అట్లనే అయ్యా” అనేవాడు. మధ్యాహ్నం నీడలో రొట్టె విప్పుకుంటే, రాజారత్నం కాఫీ గ్లాసు తెచ్చి ముందు పెట్టి, “మిగిలిపోయింది. పారబోయడం ఎందుకని తెచ్చినా” అనేవాడు. అది మిగిలిన కాఫీ కాదు. ఉదయం నుంచీ ఆ గడియ కోసమే పాలు దాచి ఉంచేవాడు.

ఒకనాడు బడే సాహెబ్ గ్లాసు కింద పెట్టి, “ఆయమ్మ పోయి ఎంత కాలమైనాది?” అని అడిగాడు.

ఆ మాట ఆయనను అంతవరకూ ఎవరూ అడగలేదు. “పోయిన వానాకాలం” అన్నాడు రాజారత్నం. “ఊరందరికీ నా చేత్తోనే మందిచ్చినాను సాయబూ. ఆయమ్మకు ఒక్కటీ పనిచేయలేదు” అన్నాడు. అని వెంటనే, మట్టి దారిలో పోశావని కసిరాడు.

కొత్త మట్టి నల్లగా, మెత్తగా ఉంది. తోటకూర ఏపుగా లేచింది. వంకాయ నారు నిలదొక్కుకుంది. పని ముగించి బడే సాహెబ్ బండి తోలుకొని పోయాడు. ఆకు పెరిగేకొద్దీ రాజారత్నానికి దిగులు పెరిగింది. ఇంత మంచి మట్టిని పట్టుకొని ఏమని ఫిర్యాదు చేస్తాడు? కూర వండుకొని ఒక్కడే తిన్నాడు. బాగుందని చెప్పడానికి మనిషి లేడు, బాగాలేదని చెప్పడానికీ లేడు.

ఒక పొద్దున కుండలో కల్లుప్పు తీసి బకెట్ నీళ్లలో కరిగించి, ఒక మడికి పోశాడు. పోసేటప్పుడు ఆకుల వైపు చూడలేకపోయాడు. మడిలో ఆకు తల వేలాడేశాక, చొక్కా తొడుక్కొని మళ్లీ బండ్ల దగ్గరికి పోయాడు. “నీ మట్టి మళ్లీ చౌడు తేలింది. వచ్చి సూడు.”

బడే సాహెబ్ వచ్చి, మట్టి నాలుక మీద వేసుకున్నాడు. ఈసారి ఊయలేదు. పక్క మడిలో నిగనిగలాడే ఆకును చూశాడు, రాజారత్నం మొహం చూశాడు.

“ఇది చౌడు కాదు. అంగట్లో ఉప్పు.”

రాజారత్నం నేల చూశాడు.

“ఉప్పు ఎందుకు పాడు చేసుకుంటావప్పా?” అన్నాడు బడే సాహెబ్ మెల్లగా. “ఊరికే పిలిస్తే రానా? శుక్రవారం నమాజు అయినాక ఈ దోవనే పోతాను. రా అను, వస్తాను.”

శుక్రవారం రాజారత్నం అరుగు కడిగాడు. డికాషన్ దించి పెట్టాడు. ఎండ కొంచెం వాలాక చక్రాల చప్పుడు వినిపించి, తలుపు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. బండి ఇంటి ముందు నెమ్మదించింది, ఆగింది. తలుపు సందులోంచి చూస్తే, బడే సాహెబ్ ఇంటి వైపు చూడకుండా, కాడి తాడు సరిచేస్తున్నట్లు కూర్చున్నాడు.

రాజారత్నం గడియ మీద చెయ్యి వేశాడు. నోటికి వచ్చిన మాటలన్నీ వంకలే. ఎద్దు చిక్కిపోయిందనవచ్చు, చక్రానికి ఆముదం పెట్టలేదనవచ్చు. ఏ కారణమూ లేకుండా మనిషిని రమ్మనడం ఆనందమ్మ చేసే పని. ఆయన లోపల కూర్చొని వినేవాడు, అంతే. తన ఒంటరితనం ఇంకొకరికి తెలిసిపోయిందన్న సిగ్గు ఆయన చేతిని గడియ మీదే ఆపేసింది. బయట ఎద్దు మెడ విదిల్చింది. బడే సాహెబ్ ఇంకా కొంతసేపు ఉన్నాడు. తరువాత బండి కదిలింది.

అప్పుడు గడియ తీసి వీధిలోకి వచ్చాడు.

“రా” అన్నాడు. గొంతు బాగానే పలికింది, కొంచెం గట్టిగానే పలికింది. బండి అప్పటికే మలుపు తిరిగింది. ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఆడమనిషి ఉలిక్కిపడి తలెత్తి, తగాదాకు పిలుస్తున్నాడనుకొని, చాట తీసుకొని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.