పదకొండు చొక్కాలు

శుక్రవారం పొద్దున ఆరింటికి, గల్ఫ్‌లో రుసైల్ అనే చోట ఉన్న టైల్స్ కంపెనీ క్యాంపులో లేచేవాళ్లు తక్కువ. వారానికి దొరికేది ఆ ఒక్క పూట నిద్ర. లేచేది క్రికెట్ టీం వాళ్లు పదకొండు మందే. వాళ్లు పళ్లు తోముకొని, నీలం రంగు డ్యూటీ చొక్కాలు భుజాన వేసుకొని, నాలుగో నంబరు రూముకు పోయి, మౌలాలి మంచం మీద వాటిని పడేసి గ్రౌండుకు పోయేవాళ్లు. చొక్కాతోబాటు ఒంట్లో ఏళ్లుగా పేరుకున్న అలసట కూడా అక్కడే దిగిపోయేది. సాయంత్రం వచ్చి ఎవరి చొక్కా వాళ్లు తొడుక్కుంటే ఎవరి అలసట వాళ్లకు తిరిగొచ్చేది. ఆ పగలంతా మౌలాలి కదలకుండా పడుకొని ఉండేవాడు. కొందరు వండితే కూరకు రుచి వస్తుంది, కొందరు నాటితే మొక్క బతుకుతుంది, మౌలాలి సంగతి ఇది. క్యాంపులో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

మౌలాలిది నందలూరు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ కంపెనీలోనే ఉన్నాడు, ఇప్పుడు క్యాంపు ఊడ్చే పని. టీం కెప్టెన్ జిలానీది రాజంపేట. పక్క ఊరి మనిషని మౌలాలిని మామా అని పిలిచేవాడు. ఈ ఏర్పాటుకు మొదట అడిగిందీ అతనే.

"నాకేం పోయిందిలేప్పా, శుక్రారం నేనూ పడుకునేదే గదా," అన్నాడు మౌలాలి.

రెండు వేల ఎనిమిది డిసెంబరులో కంపెనీల మధ్య టోర్నమెంటు మొదలైంది. పది టీములు, ఒక్కోదానికి తొమ్మిది మ్యాచులు. అంతకు ముందు ఏడాది అట్టడుగున నిలిచిన టైల్స్ టీం ఈసారి మొదటి మూడూ గెలిచింది. మిగతా కంపెనీల వాళ్లు వారమంతా బరువులెత్తిన ఒళ్లతో వచ్చి కాళ్లీడ్చుకుంటూ ఆడుతుంటే, వీళ్లు బడి వదిలిన పిల్లల్లా పరిగెత్తారు.

స్టోర్ కీపర్ నిసార్ అహ్మద్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. "ఆరంభ శూరత్వం. మనోళ్ల సంగతి నాకు తెలీదా? జనవరి రానీ, అప్పుడు మాట్లాడుదాం," అన్నాడు.

మూడో గెలుపుకు మేనేజరు మురిసిపోయి టీముకు కొత్త డ్యూటీ చొక్కాలు ఇప్పించాడు. పసుపు రంగువి, జేబు మీద పేర్లు కుట్టినవి. ఎన్నడూ గెలవనివాళ్లు గెలిస్తే పట్టపగ్గాలుంటాయా? గ్రౌండులోనే కొత్తవి తొడుక్కొని, పాడుకుంటూ క్యాంపుకొచ్చి, బిర్యానీ తిని పడుకున్నారు. పాతవి మౌలాలి మంచం మీదే ఉండిపోయాయి. మర్నాడు డ్యూటీకి పోతుంటే అందరికీ గుర్తొచ్చింది. కానీ ఒళ్లు అంత తేలిగ్గా ఉండి ఎన్నేళ్లయిందో, ఎవరూ వెనక్కి తిరగలేదు. జిలానీ కూడా రేపు తెచ్చుకుందాంలే అనుకున్నాడు.

అలా ఆ రేపు రాకుండానే ఇంకో మూడు శుక్రవారాలు గడిచాయి. ఆరు మ్యాచులకు ఆరు గెలుపులు. టీ కొట్లో, కంపెనీ బస్సులో, బట్టీ దగ్గర కూడా ఒకటే మాట, ఇది చివరిదాకా నిలుస్తుందా అని. ఈ లోపల ఒక్క పగలు మోసే బరువును మూడు వారాలుగా మోస్తున్న మనిషి చీపురు వదిలేశాడు. ఆ తర్వాత గోడ పట్టుకొని నడిచాడు. ఆ తర్వాత మంచం దిగలేదు.

గురువారం సాయంత్రం జిలానీ టీ తీసుకొని మౌలాలి దగ్గరికి వెళ్లాడు. మంచం పక్కన రేకుపెట్టె తాళం వేసి ఉంది. మౌలాలికి కంపెనీ ఫైనల్ ఎగ్జిట్ ఇచ్చింది. మర్నాడు సాయంత్రమే చెన్నై ఫ్లైటు, మళ్లీ తిరిగొచ్చే పని లేదు. టీ గ్లాసును అతను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సెలవుకు పోయిన ప్రతిసారీ నందలూరు స్టేషన్ నుంచి ఇంటిదాకా మైలున్నర, పెట్టె భుజాన పెట్టుకోని నడిచేపోతాంటి," అన్నాడు మౌలాలి. "మీ అత్త ఖాజాబీ గడపలో నిలబడి చూస్తాండేది. ఈసారి స్టేషన్‌కు కుర్చీ ఒకటి పంపించమని చెప్పినా. నలుగురు మోసుకోనిపోతారు."

"చొక్కాలు తీస్కోండ్రా అని అడగొచ్చు గదా మామా."

"గెలుస్తాండారు గదప్పా. ఎట్ల అడిగేది?"

జిలానీ బయటికొచ్చి టీమునంతా కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. అందరూ నేల చూపులు చూశారు. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ ఇమ్రాన్, హైదరాబాదువాడు, ఉన్నమాట అనేశాడు.

"మూడు మ్యాచులే ఉన్నయి భాయ్. చాచా ఎట్లాగూ పోతుండు. ఆ అలసట గూడ ఆయన్తోనే పోతది, మనకు మళ్ల రాదు. ఊర్ల ఆయనకేం పని, కూసొని తినుడే గద."

వాళ్లంతా లేచి ఎవరి రూముకు వాళ్లు పోయారు. ఆ మాట తనకూ తియ్యగానే తోచినందుకు జిలానీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం పొద్దున అతనొక్కడే నాలుగో నంబరు రూముకు పోయాడు. మౌలాలి కళ్లు మూసుకొని ఉన్నాడు. జిలానీ ముందు తన నీలం చొక్కా తొడుక్కున్నాడు. దాని మీద టీములోని దస్తగిర్‌ది తొడిగితే బట్టీ ముందు పదేళ్లు నిలబడిన నడుము నొప్పి వచ్చి పడింది. ఇంకొకటి తొడిగితే మోకాళ్లు, మరొకటి తొడిగితే కళ్లు. అన్నిటికంటే పైన ఇమ్రాన్‌ది. అందులో ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికేమీ లేక పెట్టేసిన అలసట ఉంది. అంత కుర్రవాడు ఇంత మోస్తున్నాడని జిలానీకి అంతవరకూ తెలియదు.

దూది కూరిన పరుపులా గ్రౌండుకొచ్చిన కెప్టెన్‌ను చూసి అంపైర్ కాసేపు ఆలోచించాడు. ఇన్నే చొక్కాలు వేసుకోవాలని రూలేమీ లేకపోవడంతో ఆట మొదలుపెట్టించాడు. జిలానీ మొదటి ఓవర్ పూర్తి కావడానికి పద్నాలుగు బంతులు పట్టాయి. రెండో ఓవర్లో చేతిలో పడిన క్యాచ్ జారిపోయింది. బంతి కోసం వంగి, ఇక లేవలేక మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు.

"జనవరి వచ్చింది," అన్నాడు నిసార్ అహ్మద్, కానీ ఆయన గొంతులో సంతోషం లేదు.

అప్పుడే క్యాంపు గేటులోంచి మౌలాలి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని, గోడ పట్టుకోకుండా, భుజాన రేకుపెట్టెతో మెల్లగా నడిచి బౌండరీ దగ్గరికొచ్చి పెట్టె దించాడు. దాని మీద కూర్చోలేదు, ఆట చూస్తూ పక్కన నిలబడ్డాడు.

ఇమ్రాన్ ఆయన్ను చూశాడు, మోకాళ్ల మీదున్న కెప్టెన్‌ను చూశాడు. దగ్గరికొచ్చి, కెప్టెన్ ఒంటి మీది పై చొక్కా గుండీలు విప్పి, దాన్ని తన పసుపు చొక్కా మీద తొడుక్కున్నాడు. అతని భుజాలు కిందికి జారాయి.

"మస్తు బరువుంది భాయ్."

"నీదే," అన్నాడు జిలానీ.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎవరిది వాళ్లు విప్పుకొని తొడుక్కున్నారు. దస్తగిర్ నడుము పట్టుకొని తన చోటికి పోయాడు. చివరికి జిలానీ ఒంటి మీద తన చొక్కా ఒక్కటే మిగిలింది, దానితో అతను లేచి నిలబడగలిగాడు.

టైల్స్ టీం ముప్పై ఒక్క పరుగులకే ఆలౌటయింది. మిగిలిన రెండు మ్యాచులూ పోయాయి. మూడునాళ్ల ముచ్చటేనని నిసార్ అహ్మద్ పది మందికీ చెప్పాడు, కానీ ఆ శుక్రవారం మాత్రం తనే బకెట్టుతో చల్లనీళ్లు మోసుకొచ్చి అందరికీ తాపించాడు. ఓడినందుకు బాధపడే ఓపిక కూడా వాళ్లలో లేదు.

శనివారం డ్యూటీ దిగి జిలానీ నందలూరుకు ఫోన్ చేశాడు.

"చేరినావా మామా?"

"చేరినా. కుర్చీని వెనక్కి పంపించినా. పెట్టె నేనే మోసుకోని వచ్చినా. ఖాజాబీ గడపలోనే ఉండాది."

"అలిసిపోయినావా?"



"అలిసినా అబ్బీ. కాళ్లు పీకుతాండాయి," అన్నాడు మౌలాలి. "నా కాళ్లే."