గజామూంగ పేరు

భోపాల్‌పట్నంలో ప్రశాంతి దుకాణం ఎక్కడని అడిగితే చూపించడం ఎవరి తరమూ కాదు. దానికి గోడల్లేవు, తలుపు లేదు, బోర్డు అసలే లేదు. అది ఫోనులో ఉంటుంది. ఎండిన సొరబుర్రల మీద కాల్చిన ఇనుప ఊచతో జింకలూ నెమళ్ళూ గీసి, సన్నసన్న బెజ్జాలు పొడిచి, లోపల బల్బు వేలాడదీస్తే అదొక దీపం. పుణెలోనో కొచ్చిలోనో ఉన్నవాళ్ళు ఫోనులో చూసి తెప్పించుకుంటారు. ఆ దుకాణం పేరు ఆయతి. మనం పలికితే తప్పులేదు గానీ, ప్రశాంతి మాత్రం ఆ మాట నోట పలకదు.

సొంత దుకాణం పేరు పలకని మనిషి ఎక్కడైనా ఉంటుందా అని ముక్కున వేలేసుకోకండి. మొగుడి పేరు పలకని ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో లేరూ? ప్రశాంతికి ఆ పట్టింపేమీ లేదు. లారీ దిగి వస్తున్న మొగుణ్ణి వీధి మొదట్లోనే "ఓ రాంప్రసాదూ, ఉప్పు తెచ్చినవా?" అని కేకేస్తుంది. ఆమె పలకనిది ఒక్క స్నేహితురాలి పేరే.

భోపాల్‌పట్నం ఉండే బస్తర్‌లో స్నేహానికి ఒక కట్టుబాటు ఉంది. జగదల్‌పూర్‌లో గొంచా పండుగప్పుడు, జగన్నాథుడి రథం కదిలే రోజుల్లో, మొలకెత్తిన పెసలు ప్రసాదంగా పంచుతారు. దాన్ని గజామూంగ అంటారు. ఇద్దరు ఆ ప్రసాదం ఒకరి చేత్తో ఒకరు తింటే ఆ పొద్దు నుంచి ఒకరికొకరు గజామూంగే. తోడబుట్టినవాళ్ళ కంటే ఒక మెట్టు ఎక్కువ. కష్టం వస్తే కబురు పెట్టకుండానే రావాలి. ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే ముడి విప్పుకున్నట్టే.

ప్రశాంతికీ ఆ స్నేహితురాలికీ ఆ ముడి పడింది ఒక తగాదాలో. గొంచా రోజుల్లోనే జగదల్‌పూర్ హస్తకళల సంతలో ప్రశాంతి తను కుట్టిన సంచులు పెట్టుకుని కూర్చుంది. మద్దేడ్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన దోర్లా తెగ పిల్ల ఆయతి పక్కనే సొరబుర్రలు పరిచింది. వాన దంచికొట్టింది. ఉన్న టార్పాలిన్ ఒక్కటే. నాదంటే నాదని ఇద్దరూ లాక్కుంటుంటే అది నిట్టనిలువునా చిరిగింది. ఎదురుగా ప్రసాదం పంచే హల్బీ మాట్లాడే ముసలమ్మ ఆ గోల భరించలేక ఇద్దరి అరచేతుల్లో ఇన్నిన్ని పెసలు పోసి, ఒకదానికొకటి తినిపించుకు చావండి అంది. తడిసి ముద్దయిన ఇద్దరూ పగలబడి నవ్వుతూ తినిపించుకున్నారు. నవ్వులాటకు తిన్నా ప్రసాదం ప్రసాదమే కదా.

ఇద్దరూ కలిసి పెట్టిన దుకాణానికి ఆ పేరు పెట్టింది ఆయతే. ప్రశాంతి మరిది ప్రవీణ్‌కుమార్ బజారులో చాయిస్ సెంటర్ నడుపుతాడు. కులం సర్టిఫికెట్లూ రేషన్ కార్డులూ అన్నీ అక్కడే. వెబ్‌సైటు తయారుచేస్తూ, ఏం పేరు పెడదామని అడిగాడు.

"నా పేరే పెట్టు ప్రవీణూ," అంది ఆయతి. "ఇది ఎట్లాగూ పలకది. దీని వంతు దేశమంతా పలకనీ."

ఇక అక్కణ్ణుంచి ఆమెకు అదొక ఆటైపోయింది. "మన దుకాణం పేరేందో యాదికొస్తలేదు గజామూంగ, జర చెప్పవా?" అని అమాయకంగా ముఖం పెట్టేది. ప్రశాంతి గడ్డంతో ఫోను చూపించేది. కొరియర్ వాడు ఏ కంపెనీ అని అడిగితే డబ్బా మీది అచ్చు చూపించేది. నోరు విప్పే అవసరమే రాలేదు. తను పలకలేని పేరు తెర మీద ఎప్పుడూ ఉండేది, అదొక ధీమా.

పోయిన వానాకాలం ఆయతి జ్వరంతో పడింది. వాగు పొంగి దారి మూసేసింది. ఆసుపత్రికని మంచం మీద మోసుకొచ్చి, నీళ్ళు తీస్తాయని గట్టున కూర్చున్నారు. నీళ్ళు తీసేసరికి ఇక తొందరపడాల్సిన పని లేకపోయింది.

ప్రశాంతి వెళ్ళింది, చూసింది, తిరిగొచ్చింది. ఏడవలేదు. ఏడుపే కాదు, ఆమెకు ఏదీ రాలేదు. ఆకలి వేళకు తినేది, ఆర్డరు వస్తే డబ్బా కట్టేది, మొగుడు అడిగితే బదులు చెప్పేది. గుండె రాయి చేసుకుందన్నారు వీధిలో వాళ్ళు. వాళ్ళకేం, నోరుంది అన్నారు. రాయీ కాదు రప్పా కాదు, మొద్దుబారిపోయింది, అంతే. ఒకనాడు కాలిన ఊచ జారి వేలికంటుకుంటే, చర్మం కమురు వాసన వచ్చాక గానీ చూసుకోలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు అప్పుడే వచ్చింది ఆ నోటీసు. ఎక్కడో మహానగరంలో దీపాలూ తెరలూ అమ్మే కంపెనీ ఒకటుందట. దానిదీ ఇదే పేరట. ఆ పేరును మార్కుగా రిజిస్టరు చేయించుకున్నామనీ, దాన్ని అడ్డం పెట్టుకుని తమ గిరాకీ లాగేసుకుంటున్నారనీ, ఆ వెబ్‌సైటు పేరు తమకు అప్పగించాలనీ ఫిర్యాదు. అడవి అంచున ఉన్న బుర్రలు మహానగరం గిరాకీని లాగేశాయట, వినండి చోద్యం!

"దావా లెక్కనే వదినా," అన్నాడు ప్రవీణ్‌కుమార్. "కోర్టు కాదు. పంచాయితీ పెద్దమనిషి తీరుగ ఒకాయన ఉంటడు. ఆ పేరు మనకెట్ల వచ్చిందో ఆయనకు చెప్పాలె."

"నువ్వే రాయి."

అతను రాశాడు. ఆయతి ఆధార్ కాపీ పెట్టాడు, ఇద్దరూ బుర్రలు కాలుస్తున్న ఫోటోలు పెట్టాడు. వదిన ఇవతల డబ్బాలకు టేపు వేస్తూనే ఉంది. అతనికి ఒళ్ళు మండింది.

"దున్నపోతు మీద వాన పడ్డట్టు ఏంది వదినా గిది? దుకాణం పోతే పొజ్జేవ్వ ఏం తింటది? ఆ బుర్రలు కాల్చే ఆడోళ్ళు ఏం తింటరు?"

పొజ్జే అంటే ఆయతి తల్లి. బిడ్డ పోయాక కూడా గుడిసె మీదికి సొరతీగలు పాకించి, కాయలు ఎండబెట్టి, వాడలోని ఆడవాళ్ళ చేత పని చేయిస్తున్నది ఆవిడే. ప్రశాంతి టేపు కొరకడం ఆపి మరిది వంక చూసి, ఇంకో డబ్బా అందుకుంది.

కాగితాలతో పని అయిపోయుంటే ఈ కథే లేదు. కంపెనీ వకీలు ఆ ఆధార్ మీద మెలిక పెట్టాడు. పోయినవాళ్ళ కార్డు ఎవరిదైనా తెచ్చి అంటించవచ్చు, ఆ పేరు ఎవరిదో దుకాణం నడిపే మనిషినే తన నోటితో చెప్పమనండి అన్నాడు. పెద్దమనిషి సరేనన్నాడు. ఫలానా రోజున వీడియోలో కనిపించాలని కబురొచ్చింది.

"నేను పలికితే ముడి ఇడిపోతది," అంది ప్రశాంతి.

"మనిషే లేదు కద వదినా. ఇంకెక్కడి ముడి?"

"లేదనే కద. ఉంటే తిట్టి, అలిగి, మళ్ళ కట్టుకునేది. ఇప్పుడు ఇప్పుకుంటే ఎవలితోని కట్టుకోవాలె?"

పలికితే స్నేహం పోతుంది. పలకకుంటే ఆ పేరే ఎవరి పాలో అవుతుంది, దాంతోపాటు ముసలిదాని తిండీ పోతుంది. ప్రశాంతి ఎటు ఆలోచించినా ఏదీ తనలోపలిదాకా దిగలేదు. ఎవరింటి గొడవో వింటున్నట్టుంది ఆమెకు.

ఆ రోజు చాయిస్ సెంటర్లో ఫ్యాను ఆపేశారు, చప్పుడని. రేషన్ కార్డు కోసం వచ్చినవాళ్ళు కూడా గోడవార సద్దుమణిగి కూర్చున్నారు. తెర మీద రెండు ముఖాలు. ఒకటి నెరిసిన తల పెద్దమనిషిది, రెండోది వకీలుది. మాటలన్నీ హిందీలోనే.

"ఈ పేరు ఎవరిదమ్మా?" అని పెద్దమనిషి నెమ్మదిగానే అడిగాడు.

"మా గజామూంగది."

"అంటే?"

"మొలకెత్తిన పెసల ప్రసాదం సార్," అంటూ ప్రవీణ్‌కుమార్ అందుకున్నాడు. ఆచారమంతా గబగబా చెప్పుకొచ్చాడు. "అందుకే పేరు పలకదు సార్. ఆమె పేరు..."

"మీరు కాదు," అన్నాడు వకీలు. "భలే వాటంగా ఉంది ఆచారం! అయ్యా, రాతలో మనిషి అన్నారు, ఇప్పుడు పెసలంటున్నారు. అసలు అటువంటి మనిషే లేదన్నది మా వాదన. ఉంటే, ప్రాణ స్నేహితురాలి పేరు చెప్పడానికి ఇంత ఆలోచనా?"

అటువంటి మనిషే లేదు. ఆ మాట మాత్రం ప్రశాంతికి వినపడింది. కోపం రావాలి, రాలేదు. ఏడుపైనా రావాలి, అదీ రాలేదు. నోరు తెరుచుకుంది.

"ఆయతి."

నెట్ తడబడింది. పెద్దమనిషి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "వినపడలేదమ్మా, ఇంకోసారి చెప్పండి."

"ఆయతి. మద్దేడ్ దగ్గర పల్లె. బుర్రలు కాల్చడం నాకు తనే నేర్పింది. దుకాణం పేరు తనే పెట్టింది. పోయింది."

పెద్దమనిషి తల వంచి రాసుకున్నాడు. పాపం, మంచివాడే. క్షమించమ్మా అని కూడా అన్నాడు. తెర నల్లబడింది. ఎవరో ఫ్యాను వేశారు. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. ప్రశాంతి లేచి ఇంటికెళ్ళి బియ్యం కడిగింది.

తీర్పు ప్రశాంతి వాళ్ళవైపే వచ్చింది. పేరు వాళ్ళదే, ఎవరికీ అప్పగించక్కర్లేదు. ప్రవీణ్‌కుమార్ కాలు నేల మీద నిలవలేదు. జిలేబీలు తెచ్చి బజారంతా పంచాడు. ఒక్క మాటతో మా వదిన వకీలు నోరు మూయించిందని ఎదురైనవాడికల్లా చెప్పాడు. నోటి దూల మనిషి, ఏం చేస్తాం! ఆ మాట వారపు సంతలో పడి, ప్రశాంతి కంటే ముందే పల్లెకు చేరింది.

ఆమె బుర్రలు తెచ్చుకోవడానికి వెళ్ళేసరికి పొజ్జే వాకిట్లో సొరగింజలు ఆరబోస్తోంది. ఎప్పుడొచ్చినా తిన్నగా లోపలికెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకు తాగే ప్రశాంతి, ఆ రోజు గడప దగ్గరే ఆగింది.

"పలికినవట," అంది పొజ్జే తలెత్తకుండా.

"పలికిన అవ్వా."

"ఊఁ. పలకక తప్పలే, నాకెరుకే. మా తిండి గూడ దాంట్లనే ఉండె. నాకేం కోపం లేదు."

కోపం ఉంటే బాగుండునని ప్రశాంతికి అనిపించింది. దుమ్మెత్తిపోసి, జుట్టు పట్టుకుని ఈడ్చినా సంతోషించేది. ముసలావిడ అటువంటిదేమీ చెయ్యలేదు. గింజలు చేత్తో సమంగా పరిచి, చేతులు దులుపుకుని, బుర్రలన్నీ గోనెలో కట్టి తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఎప్పటిలాగే మంచి కాయలు ఏరి పెట్టింది. అంతా అయ్యాక నిలబడి, ఏదో గుర్తుకొచ్చినట్టు ఆమె ముఖంలోకి చూసింది.

"ఇంక నిన్ను గజామూంగ అని పిలవరాదు," అంది. "ఇంటిల్లిపాది గట్లనే పిలిచినం. ఇన్నేండ్లల్ల నేనెన్నడు అడగనే లేదు. నీ పేరేంది బిడ్డా?"

ప్రశాంతి తన పేరు చెప్పింది.

పొజ్జే లోపలి నుంచి చాప తెచ్చి వాకిట్లో పరిచింది.

"కూసో ప్రశాంతీ," అంది. "జావ తాగి పో."

ప్రశాంతి కూర్చుంది. ఆ ఇంట్లో చుట్టానికి వేసినట్టు చాప వేస్తే కూర్చోవడం ఆమెకు అదే మొదలు.