కోసినాడు, దిద్దినాను

షాయిస్తాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దుకాణాలకు బోర్డులు రాసే మనిషి. తన అక్షరానికి ఎవరు వంక పెట్టినా ఊరుకోదు. ఆ శనివారం మాత్రం పొద్దుటి నుంచి నోరు కుట్టేసుకుని తిరిగింది.

మార్కాపురం పాతబజారు సందుల్లో గోడబొమ్మల పోటీ పెట్టారు, ఆ రోజే తీర్పు. గెలిచిన బొమ్మ గోడ మీద ఉంటుంది, మిగతా వాటికి సున్నమే. తీర్పు చెప్పే పెద్దమనిషి ఆనంద్ బాబు రిటైరైన తెలుగు లెక్చరరు, కొమరోలు ఆయన సొంతూరు. ఆయన సందు సందూ నడుస్తుంటే, వెనక జనం తిరునాళ్లకు పోయినట్టు పోతున్నారు. ఒక గోడ మీద నల్లమల పెద్దపులి పాలు తాగొచ్చిన పిల్లిలా ఉంది. గీసినవాడు పక్కనే ఉన్నాడు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

చివరికి షాయిస్తా గోడ వచ్చింది. నలభై ఏళ్లు రాతిపలకల పనిలో చేతులు అరగదీసుకున్న పక్కింటి ఎలీషబా, ఒళ్లో పలకతో కూర్చున్న బొమ్మ అది. కింద ఆమె చెప్పిన మాటే రాసి ఉంది: "మా నాయన పలక కోసినాడు. దాని మీద నేను అక్షరం దిద్దినాను."

ఆనంద్ బాబు చాలాసేపు చూశాడు. ఆ చేతులకు ప్రాణముందన్నాడు. తర్వాత అక్షరాలు చదివి కళ్లజోడు తీశాడు.

"'కోశాడు' అనాలమ్మా. 'దిద్దాను' అనాలి. తప్పులున్న గోడకు బహుమతి ఇవ్వలేను."

షాయిస్తాకు ఒళ్లు మండిపోయింది. పద్నాలుగు రోజులు ఎండలో నిచ్చెన మీద నిలబడి గీసిన బొమ్మ రెండు మాటలకు సున్నం పాలా! ఆమె నోరు తెరిచేలోగా పక్కనే నిలబడ్డ ఎలీషబా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ మాట నాది సారూ. ఇది తప్పయితే, పుట్టినప్పట్నుంచి మేం మాట్లాడిందంతా తప్పేనా?"

మాట్లాడే భాష వేరు, గోడకెక్కే భాష వేరు అని ఆయన పాఠం మొదలుపెట్టాడు. అంతలో ఆయన ఫోను మోగింది. కొమరోలు నుంచి వాళ్లమ్మ.

"ఆ, అమ్మా! మార్కాపురం వచ్చినాను. ఇడ్లీ తినే బయల్దేరినాను. నువ్వు మాత్ర ఏసుకున్నావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, నవ్వు అరుగు నుంచి అరుగుకు పాకింది. ఎలీషబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆనంద్ బాబు ముందు మొహం ముడుచుకున్నాడు. తర్వాత గోడను మళ్లీ చదివాడు. చదువుతుండగానే ఆయనకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ముప్పై ఏళ్లు పిల్లోళ్ల పేపర్ల మీద ఈ మాటను ఎర్రసిరాతో కొట్టేసినాను," అన్నాడు. "ఇది మా అమ్మ మాట. బహుమతి ఈ గోడదే. ఒక్కక్షరం మార్చొద్దు."

జనం ఈలలు వేశారు. ఆయన వంగి గోడ అడుగున వెతికాడు.

"కింద నీ పేరు లేదేంది, బిడ్డా?"

షాయిస్తా కొంగుతో కళ్లు తుడుచుకుని, బ్రష్షు ముంచి, సందు మొదట్లో నిలబడ్డవాళ్లకూ కనబడేంత లావున రాసింది: "ఈ బొమ్మ నేను గీసినాను. షాయిస్తా."