గంటన్నర విమానం

మా ఆయన బస్సు డ్రైవరు. దూరం చెబితే చాలు, ఎంతసేపు పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. ఆ పిచ్చితోనే ఆ వారమంతా నా ప్రాణం తోడేశారు. శుక్రవారం సాయంత్రం ఆయన ఆఖరి ట్రిప్పు, మర్నాటి నుంచి రిటైరు. ఆ ట్రిప్పులో మా అమ్మాయి బుజ్జి ముందు సీట్లో కూర్చోవాలని ఆయన కోరిక. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో అది అక్కడే కూర్చునేది.

బుజ్జి ఉద్యోగం చేసే ఊరి నుంచి బస్సులో రావాలంటే ఒక పగలూ ఒక రాత్రీ. "గాలిలో మలుపుల్లేవు, కొండ ఎక్కే పనిలేదు. ఆరు వందల కిలోమీటర్లే! గంటలో దిగుతుంది. టీకి ఆపినా గంటన్నర," అన్నారు మా ఆయన.

"ఆకాశంలో టీకొట్టు ఎవరు పెట్టారండీ?" అన్నాను. పట్టించుకుంటేగా!

సెలవు దొరకక బుజ్జి శుక్రవారం మధ్యాహ్నం విమానానికే టికెట్ కొంది. ఫోన్లో నాన్న లెక్క విని పడీపడీ నవ్వింది. "గాల్లో గంటే నాన్నా. కానీ దిగాక పెట్టె రావాలి, బయటపడాలి, డిపోకి రావాలి. అప్పటికి మీ బస్సు వెళ్ళిపోతుంది."

ఆయన ముఖం వాడిపోయింది. అన్నం కెలికి వదిలేశారు. నాకు ఒళ్ళు మండింది.

"మీ బస్సు రోజూ ఆ విమానాశ్రయం గేటు ముందు నుంచేగా పోతుంది? స్టాపు కూడా ఉందిగా! బుజ్జి డిపోకి రావడం ఎందుకండీ?"

కంచం మళ్ళీ ముందుకు లాక్కున్నారు ఆయన. ఆ సంగతి తట్టనే లేదట. ఆయన లెక్కలో ఏ ప్రయాణమైనా డిపోలోనే మొదలవ్వాలి మరి!

శుక్రవారం ముందు సీట్లో కూర్చుని, పక్క సీటు మీద చేతిసంచీ పెట్టి కాపలా కాశాను. గేటు స్టాపు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. బుజ్జి లేదు. ఫోన్ చేస్తే, "దిగానమ్మా, పెట్టె ఇప్పుడే వచ్చింది, పరిగెడుతున్నా!" అంది.

మా ఆయన ఎవరి కోసమూ ఆగే మనిషి కాదు. ఒకసారి నేను చెయ్యూపుతూ పరిగెత్తుకొస్తుంటే నన్నే వదిలేసి పోయారు. ఇప్పుడు గేరు మీద చెయ్యి వేశారు. అంతలోనే చెయ్యి తీసేసి, ఇంజన్ ఆపి, వెనక్కి తిరిగారు.

"బండి వేడెక్కింది. కాసేపు ఆగాలి," అన్నారు, ఎవరి ముఖమూ చూడకుండా.

"ఇన్నేళ్ళూ వేడెక్కని బండి ఇవాళే వేడెక్కిందా?" అంది రోజూ ఎక్కే నర్సు. "చల్లారనివ్వండి అన్నయ్యా, మాకేం తొందర లేదు." బస్సంతా గొల్లున నవ్వింది.

బుజ్జి పెట్టె ఈడ్చుకుంటూ, రొప్పుతూ వచ్చి ఎక్కింది. "ముందు టికెట్ తీసుకో," అని కసిరారు ఆయన. కళ్ళు మాత్రం నీళ్ళతో నిండిపోయాయి. నేనూ ఏడ్చేశాను, నవ్వుతూనే.

బండి వెంటనే చల్లారిపోయింది. కానీ అదేం నడపడం! సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి.

"ఇంకా ఎంతసేపు నాన్నా?" అంది బుజ్జి.

"ఏమో తల్లీ, తెలీదు," అన్నారు మా ఆయన.